టీచరమ్మా, మీరు కూడా పోరాట్టానికి పోతారా?

ఉత్తర చెన్నై నుంచి వచ్చింది ఈ ఉత్తరం. నాలుగు పేజీలు, రెండు వైపులా రాసి, మధ్యలో రెండు చోట్ల కొట్టేసి మళ్ళీ రాశారు. పేరు వద్దన్నారు, బడి పేరు కూడా వద్దన్నారు. సంగతి మాత్రం చెప్తాను.

ఆవిడ ఒక తెలుగు మీడియం ప్రైమరీ స్కూల్లో సెకండరీ గ్రేడ్ టీచరు, చేరింది 2010లో. బళ్ళో 64 మంది పిల్లలు, హెచ్చెమ్ గారితో కలిపి ముగ్గురే టీచర్లు. పిల్లల్లో చాలామంది పారిశుధ్య కార్మికుల పిల్లలు, తాతల కాలంలో నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. 2009 జూన్ తర్వాత చేరిన సెకండరీ గ్రేడ్ టీచర్లకి ముందు చేరినవాళ్ళతో సమానంగా జీతం ఇవ్వాలని వచ్చే నెల నుంచి నిరవధిక సమ్మె అని సంఘం వాళ్ళు చెప్పారట. వాట్సాప్ గ్రూపులో లిస్టు పెట్టి ఎవరెవరు వస్తున్నారో పేరు పక్కన టిక్కు పెట్టమన్నారట. అదే బళ్ళో పనిచేసే ఇంకో టీచరు, ఈవిడ అక్కా అని పిలిచే మనిషి, సంఘంలో గట్టిగా తిరిగే ఆవిడ, ఈవిడ బదులు తనే టిక్కు పెట్టేసి "నువ్వు రాకుండా ఉంటావా ఏంటి" అని నవ్విందట. హెచ్చెమ్ గారు రానంటున్నారు, రిటైర్మెంటుకి ఏడాదిన్నరే ఉంది.

వాళ్ళాయన అంబత్తూరు ఎస్టేట్‌లో ఒక చిన్న కంపెనీలో సూపర్‌వైజరు. ఆయన వద్దంటున్నారు. ఇంటి లోను ఈఎంఐ 19 వేలు, అమ్మాయి ప్లస్ టూ, కోచింగు ఫీజు ఇంకో విడత కట్టాలి. "మా కంపెనీలో సమ్మె అంటే మర్నాడు గేటు దగ్గరే ఆపేస్తారు, మీకేమో గవర్నమెంటు జీతం తింటూ సమ్మెలు కూడానా" అన్నారట ఒకరోజు, ఆ మాట ఈవిడకి బాగా గుచ్చుకుంది. ఇంట్లో మావగారు కూడా ఉన్నారు. ఆయన 2003లో ఒక సర్కారు ఆఫీసులో క్లర్కు, అప్పటి తమిళనాడు ప్రభుత్వ ఉద్యోగుల సమ్మెలో ఉద్యోగం పోయిన లక్షకి పైగా మందిలో ఒకరు, తర్వాత క్షమాపణ కాగితం రాసిచ్చి మళ్ళీ చేరారు. ఇప్పుడు ఈ గొడవ మొదలైన దగ్గర్నుంచి ఆయన ఏమీ మాట్లాడట్లేదు, న్యూస్ చానెల్ పెడితే మాత్రం లేచి బయటికి వెళ్ళిపోతున్నారట.

ఇవన్నీ ఒక ఎత్తు. ఉత్తరం చివర్లో ఉన్నది ఇంకో ఎత్తు. ఒక సాయంత్రం బడి వదిలే టైముకి నాలుగో క్లాసు పిల్ల తల్లి వచ్చి అడిగిందట, "టీచరమ్మా, మీరు కూడా పోరాట్టానికి పోతారంటగా, అయితే పొద్దున టిఫిను, మద్దేనం అన్నం ఎవరు పెడతారు" అని. ఈవిడ ఏదో సర్దిచెప్పబోతే ఆ తల్లి మెల్లిగా ఇంకో మాట అంది: "మేం రిప్పన్ బిల్డింగు ముందు కూచున్నప్పుడు మీరెవరూ రాలేదు కదమ్మా." కోపంగా అనలేదట, మామూలుగానే అంది. 2025 ఆగస్టులో పారిశుధ్య కార్మికులు కార్పొరేషన్ ఆఫీసు ముందు, అదే ఆ రిప్పన్ బిల్డింగు ముందు, ధర్నాకి కూచున్న ఆ పదమూడు రోజుల్లో ఈవిడ ఒకసారి బస్సులో సెంట్రల్ మీదుగా వెళ్తూ ఆ టెంటు చూశారు, తెలిసిన మొహాలు రెండు మూడు కనబడ్డాయి, దిగలేదు. "అప్పట్నుంచి నాకు నిద్ర పట్టట్లేదు. అసలు మా లాంటి వాళ్ళం సమ్మె చెయ్యొచ్చా? చెయ్యడం న్యాయమేనా? నన్ను వెళ్ళమంటారా వద్దంటారా?" అని అడిగారు.

అమ్మా, మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలు చిక్కు పడిపోయి ఉన్నాయి. టీచర్లకి సమ్మె హక్కు ఉండాలా అన్నది ఒకటి, వచ్చే నెల మీరు వెళ్ళాలా అన్నది ఇంకోటి. మొదటిదానికి ఔను అన్నంత మాత్రాన రెండోదానికి ఔను అనక్కర్లేదు, అటు నుంచి ఇటు కూడా అంతే. మీరు రెండూ కలిపి ఆలోచిస్తున్నారు కాబట్టే నిద్ర పట్టట్లేదు అనిపిస్తోంది నాకు.

ముందు హక్కు సంగతి. కాగితం మీద చూస్తే మీకు లేదు. 1962లోనే సుప్రీం కోర్టు బీహార్ కేసులో ఒక గీత గీసింది, ప్రభుత్వ ఉద్యోగులు శాంతంగా ప్రదర్శన చేస్తే తప్పు లేదు, దాన్ని పూర్తిగా నిషేధించే రూలు చెల్లదు, కానీ సమ్మె చెయ్యడానికి ప్రాథమిక హక్కు లేదు అని. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో ఉంది, ఆ సంఘం సమ్మె చేసే హక్కు మాత్రం అందులో లేదు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది, గొడుగు కొనుక్కో గానీ వానలో తెరవకు అన్నట్టు. 2003 ఆగస్టు 6న మీ మావగారి కేసులోనే, అంటే తమిళనాడు ఉద్యోగుల కేసులో, ఇంకా గట్టిగా చెప్పారు, ప్రాథమిక హక్కూ లేదు, చట్టపరమైన హక్కూ లేదు, నైతికంగా కూడా లేదు అని. ఇక్కడి ఉద్యోగుల ప్రవర్తనా నియమాల్లో 22వ రూలు కూడా సమ్మె కుదరదనే చెప్తుంది. అప్పుడు మళ్ళీ చేర్చుకున్న వాళ్ళందరి దగ్గరా క్షమాపణతో పాటు ఆ రూలు పాటిస్తామని రాయించుకున్నారు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే దొంగతనం అవుతుంది. నేను ఈ ఊళ్ళోనే బ్యాంకులో ముప్పై ఏళ్ళు చేశాను, ఎన్ని సమ్మెలు చేశానో లెక్క లేదు. రోజు సమ్మెకి రోజు జీతం కట్, అంతే, మర్నాడు వెళ్ళి కౌంటర్లో కూచునేదాన్ని, ఉద్యోగం పోతుందన్న భయం ఒక్కసారి కూడా రాలేదు. ఎందుకంటే బ్యాంకు క్లర్కు చట్టం దృష్టిలో కార్మికుడు. ముందు నోటీసు ఇవ్వాలి, పద్నాలుగు రోజులు ఆగాలి, ఈలోపు హాడోస్ రోడ్డు శాస్త్రిభవన్‌లో లేబర్ కమిషనర్ దగ్గర రెండు పక్షాలూ కూచోవాలి, సగం సమ్మెలు అక్కడే టీ తాగుతూ ఆగిపోయేవి. టీచరు కార్మికుడు కాదని సుప్రీం కోర్టు 1988లో చెప్పేసింది, మీ పని అంతకన్నా గొప్పదట. గొప్పదే కావొచ్చు గానీ ఆ గొప్పతనం వల్ల మీకు లేబర్ కమిషనర్ గది లేకుండా పోయింది. కేంద్ర ఉద్యోగులకైతే 1966 నుంచి జేసీఎం అని ఒక ఏర్పాటు ఉంది, జీతభత్యాలూ పని గంటలూ సెలవుల మీద మాట కుదరకపోతే మధ్యవర్తి తీర్పుకి వెళ్ళొచ్చు. అలాంటిది ఒకటి గట్టిగా ఉంటే సమ్మె వద్దు అని చెప్పడానికి ప్రభుత్వానికి మొహం ఉంటుంది. సమ్మె లాగేసుకుని దాని బదులు ఏమీ ఇవ్వకపోతే మిగిలేది మంత్రి గారి దయ. నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెప్తున్నా, టీచర్లకి సమ్మె హక్కు ఉండాలి, నోటీసు పెట్టి, మధ్యవర్తిత్వం అయ్యాక, ఆఖరి మెట్టుగా. పోలీసులకి వద్దంటే అర్థం ఉంది, వాళ్ళకి 1966లోనే చట్టం చేసి యూనియన్లే కట్టడి చేశారు. టీచర్ని ఆ గాటన కట్టడం నాకు ఒప్పుదల లేదు.

పైగా హక్కు లేదన్న చోట సమ్మెలు ఆగాయా అంటే అదీ లేదు. 2003లో సుమారు లక్షా డెబ్బై వేల మందిని ఎస్మా అనే అత్యవసర సేవల చట్టం, ఆర్డినెన్సులతో తీసేశారు, ఆరు వేల పైచిలుకు మందిని తప్ప మిగతా వాళ్ళని కొన్ని వారాల్లోనే వెనక్కి తీసుకున్నారు. మర్నాటి ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో ఇక్కడి 39 సీట్లలో అధికార పార్టీ చేతికి ఒక్కటీ రాలేదు, ఆ ఓటమికి సమ్మె ఒక్కటే కారణం అనను గానీ, ఆ తర్వాత ఉద్యోగుల మీద ఉన్న చర్యలు ఎలా సడలాయో ఊరంతా చూసింది. మళ్ళీ 2019 జనవరిలో జాక్టో జియో, అంటే టీచర్ల, ప్రభుత్వ ఉద్యోగుల సంఘాల ఉమ్మడి వేదిక వాళ్ళు 22 నుంచి 30 దాకా చేశారు, పాత పెన్షన్ కోసం, అందులో సెకండరీ గ్రేడ్ టీచర్ల జీతం డిమాండూ ఉంది. అరెస్టులు, సస్పెన్షన్లు, 17 బి మెమోలు (పెద్ద శిక్షలకి ఇచ్చే చార్జి కాగితాలు), బదిలీలు, అన్నీ అయ్యాయి. రెండేళ్ళ తర్వాత కేసులు వెనక్కి తీసుకున్నారు, తర్వాత వచ్చిన ప్రభుత్వం సమ్మె రోజుల్ని డ్యూటీ కింద లెక్కకట్టింది. మన తెలంగాణలో 2019లో ఆర్టీసీ వాళ్ళు యాభై రోజులకి పైగా చేస్తే సెల్ఫ్ డిస్మిస్ అన్నారు, చివరికి అందరూ డ్యూటీ ఎక్కారు, కానీ ఆ మధ్యలో కొన్ని ఇళ్ళల్లో జరిగింది ఎవరూ వెనక్కి తేలేరు. ఇదంతా చూస్తే నాకు తోచేది, చట్టం ఏం చెప్పినా చివరికి తేలేది ఎవరు ఎన్నాళ్ళు ఓర్చుకోగలరు అన్న లెక్క మీదే. అందుకే మీ ఓర్పు ఎంత, మీ వల్ల ఇంకెవరు ఓర్చుకోవాల్సి వస్తుంది అన్నది మీరు చూసుకోవాలి.

మీ డిమాండు న్యాయమైందా అన్న అనుమానం మీకు ఉన్నట్టుంది ఉత్తరంలో, మీ ఆయన మాట వల్ల. అది తీసేయండి. మే 31, 2009 లోపు చేరిన సెకండరీ గ్రేడ్ టీచరుకి పాత బేసిక్ 4,500ని 1.86తో హెచ్చించి 8,370 చేశారు, జూన్ 1 తర్వాత చేరినవాళ్ళకి 5,200 దగ్గర మొదలుపెట్టారు. అదే క్లాసు, అదే పుస్తకం, అదే ట్రైనింగు, తేడా 3,170. ఆ తేడా మీద ప్రతిసారీ డీఏ పడుతూ, తర్వాత పే కమిషన్లో మళ్ళీ హెచ్చిస్తూ పోయేసరికి ఇవాళ ఎంతయిందో మీకే బాగా తెలుసు, మీ పక్క టేబుల్ అక్క 2008లో చేరారని రాశారు కదా, ఆవిడ పే స్లిప్పు పక్కన మీది పెట్టి చూసుకునే ఉంటారు. (అయినా ఆవిడ మీ కోసం సమ్మెకి వెళ్తోంది చూడండి, ఆ టిక్కు పెట్టడంలో పెత్తనం ఉన్నా ఆ మనసు మాత్రం తక్కువది కాదు.) నుంగంబాక్కంలో డీపీఐ, అంటే బడుల శాఖ పెద్దాఫీసు ఆవరణలో మీ వాళ్ళు ఎన్నిసార్లు నిరాహార దీక్షలు చేశారో కూడా ఈ ఊరు చూసింది. అడగడంలో తప్పు లేదు. గవర్నమెంటు జీతం తింటూ అన్న మాటకి జవాబు, ఇద్దరికి ఒకే పని చేయించి ఒకరికి తక్కువ ఇచ్చే యజమాని అంబత్తూరులో ఉన్నా సెక్రటేరియట్‌లో ఉన్నా యజమానే.

కానీ ఇక్కడే ఒక ముల్లు ఉంది. మేం బ్యాంకు మూసేస్తే నష్టం బ్యాంకుకి, చెక్కులు ఆగిన వ్యాపారికి, అంటే ప్రభుత్వానికి వెంటనే ఫోను చెయ్యగలిగిన వాళ్ళకి. మీరు బడి మూస్తే పైన ఎవరికీ ఏమీ నొప్పి లేదు, మంత్రుల పిల్లలు మీ బళ్ళో లేరు. నొప్పి ఆ నాలుగో క్లాసు పిల్లకి, ఆ పిల్ల తల్లికి. పొద్దున చీకటితో చీపురు పట్టుకుని వెళ్ళే మనిషి, పిల్ల పొద్దున ఉప్మానో పొంగలో, మధ్యాహ్నం అన్నం గుడ్డు బళ్ళో తింటుందన్న ధీమాతో వెళ్తుంది. 1982లో ఎంజీఆర్ మొదలుపెట్టిన సత్తుణవు, అంటే మధ్యాహ్న భోజనం, 2022లో వచ్చిన పొద్దుటి టిఫిను, ఈ రెండూ ఆ ఇంటి బడ్జెట్టులో భాగం. అందుకే ఆవిడ పాఠం ఎవరు చెప్తారు అని అడగలేదు, అన్నం ఎవరు పెడతారు అంది.

ఇంకో లెక్క కూడా ఉంది, మీ సంఘం వాళ్ళు చెప్పి ఉండరు. మీ బళ్ళో 64 మంది అన్నారు. విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రైమరీలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు. పది పదిహేను రోజులు బడి సరిగ్గా నడవకపోతే, నాలుగు కుటుంబాలు విసుగొచ్చి పిల్లల్ని పక్క వీధి తమిళ బడికో, అప్పు చేసి నర్సరీ ఇంగ్లీషు మీడియానికో మార్చారనుకోండి, నాలుగే కుటుంబాలు, మీ బళ్ళో మూడో పోస్టు సర్‌ప్లస్ అవుతుంది. ముగ్గురిలో జూనియర్ మీరే. తెలుగు మీడియం బళ్ళు ఈ ఊళ్ళో ఇప్పటికే ఎలా పలచబడిపోయాయో చూస్తున్నాం, ఒకసారి స్ట్రెంత్ తగ్గితే మళ్ళీ పెరగడం నేను ఎక్కడా చూడలేదు. దీనికి భయపడి ఆగిపోమని నేననట్లేదు. సమ్మెకి వెళ్ళే ముందు ఆ 64 ఇళ్ళతో మాట్లాడటం మర్యాద కోసం మాత్రమే కాదు, మీ ఉద్యోగం కోసం కూడా అని చెప్తున్నా.

సరే, ఇప్పుడు మీ ముందు ఉన్న దార్లు చూద్దాం.

పూర్తిగా వెళ్ళిపోవడం ఒకటి. నో వర్క్ నో పే అంటారు, అది ఖాయం, మీకు చేతికొచ్చేది 58 వేలు అన్నారు కాబట్టి పది రోజుల సమ్మె అంటే ఒక ఈఎంఐ అనుకోండి. దానికి మీ ఆయనతో కలిసి ఇప్పుడే ఏర్పాటు చేసుకుంటే ఆయన భయం సగం తగ్గుతుంది, డబ్బు గురించి భయపడే మనిషికి న్యాయం గురించి చెప్తే వినపడదు, లెక్క చూపిస్తే వినపడుతుంది. తర్వాత 17 బి మెమో రావొచ్చు, అది పెద్ద శిక్షల కింద వచ్చే చార్జి, అది పెండింగులో ఉన్నన్నాళ్ళూ ప్రమోషన్ ప్యానెల్లో పేరు ఆగుతుంది. మెమో వస్తే భయపడి ఏదో ఒకటి రాసి సంతకం పెట్టేయకండి, టైము అడగండి, సంఘం లాయరుకి చూపించి జవాబివ్వండి. రోడ్డు మీద కూచుంటే పోలీసులు వ్యాన్ ఎక్కించి కల్యాణ మండపంలో పెట్టి సాయంత్రం వదులుతారు, అది ఈ ఊరి ఆనవాయితీ, కానీ ఒక్కోసారి ఎఫ్ఐఆర్ కూడా పడుతుంది, కాబట్టి కూచోవడం వేరు రాస్తా రోకో వేరు అని గుర్తుంచుకోండి. ఇవన్నీ చివరికి ఒప్పందంలో ఎత్తేస్తారన్న నమ్మకంతోనే అందరూ వెళ్తారు, చాలాసార్లు ఎత్తేశారు కూడా, కాకపోతే 2019 వాళ్ళకి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళలో రిటైరైన వాళ్ళ సంగతి ఆలోచించండి, అప్పుడు మీ హెచ్చెమ్ గారు ఎందుకు రావట్లేదో అర్థమవుతుంది, ఆవిణ్ణి పిరికిది అనుకోకండి.

అసలు వెళ్ళకపోవడం ఇంకోటి. అది కూడా తప్పేం కాదు, కానీ దానికీ ఖర్చు ఉంది. ఇక్కడ సమ్మెలో పనికి వెళ్ళిన వాళ్ళని కరుంగాలి అంటారు, ఆ మాట ఎవరూ మీ మొహం మీద అనకపోయినా స్టాఫ్ రూములో టీ గ్లాసు మీ వైపు జరగడం మానేస్తుంది. ముగ్గురే ఉన్న బళ్ళో అది పెద్ద శిక్ష. రేపు సమ్మె గెలిస్తే ఆ పెరిగిన బేసిక్ మీకూ వస్తుంది, ఎక్కువ లాభం మీకే, అది తీసుకునేటప్పుడు చెయ్యి వణక్కుండా ఉంటుందా అన్నది మీరే చెప్పుకోవాలి. వెళ్ళకూడదనుకుంటే దాక్కోకండి, మెడికల్ లీవ్ డ్రామా వద్దు, అక్కతో నేరుగా చెప్పి మీ పేరు పక్కన టిక్కు తీయించండి, సమ్మె నిధికి మీ జీతంలో రెండు మూడు రోజులది ఇవ్వండి. డబ్బిచ్చి పని చేసే మనిషిని తిట్టడం కొంచెం కష్టం.

మూడోది మధ్య దారి, నాకు దీని మీద కొంచెం మొగ్గు ఉంది, దాచుకోను. కోర్టులు సమ్మె వద్దన్నాయి గానీ ప్రదర్శన వద్దనలేదు అని పైన చెప్పాను కదా. నల్ల బ్యాడ్జీ పెట్టుకుని పాఠం చెప్పండి, శనాదివారాలు, బడి వదిలాక సాయంత్రాలు దీక్షలో కూచోండి, పాఠం కాని పనులు, ఆ ఆన్‌లైన్ ఎంట్రీలు, యాప్‌లో ఫోటోలు, అవి కొన్నాళ్ళు పక్కన పెడతామని సంఘం తరఫున రాసివ్వండి. ప్రభుత్వానికి పాఠం ఆగితే పట్టదు గానీ డేటా ఆగితే మర్నాడే బీఈఓ ఆఫీసు నుంచి ఫోనొస్తుంది, ఇది నేను సరదాకి అనట్లేదు. దీనిలో రిస్కు తక్కువ, కానీ మెమో అసలు రాదని మాటివ్వలేను, ఇక ఫలితం నెమ్మది. "ఇలా ఎన్నేళ్ళు చేశాం, ఏమొచ్చింది" అని అక్క అంటుంది, ఆవిడ అన్నదాంట్లో నిజం ఉంది. అలాగే అందరూ కలిసి ఒకే రోజు క్యాజువల్ లీవ్ పెడదాం అన్న తెలివి ఎవరైనా చెప్తే నమ్మకండి, పర్మిషన్ లేని సెలవు అంటే గైర్హాజరే, దాన్ని సమ్మె కిందే చూస్తారు.

నాలుగోది దారి కాదు, ఏ దారిలో వెళ్ళినా మీరు సంఘంలో లేవనెత్తాల్సిన ఒక షరతు. డాక్టర్లు సమ్మె చేసినా క్యాజువాలిటీ మూయరు. మీ బళ్ళో క్యాజువాలిటీ వంటగది. పాఠం ఆగినా పొయ్యి ఆగకూడదు అని మీ ఏరియా సంఘం తీర్మానం చేస్తే, ఒక టీచరు వంతుల వారీగా ఆ పూటకి బళ్ళో ఉంటే, హెచ్చెమ్ గారు ఎలాగూ తలుపు తీస్తున్నారు, సత్తుణవు ఆయమ్మతో ముందే మాట్లాడుకుంటే అయిపోతుంది. వాళ్ళు కూడా సమ్మెలో ఉంటే అప్పుడు ఇంకో ఏర్పాటు. అమెరికాలో వెస్ట్ వర్జీనియా అని ఒక పేద రాష్ట్రం, అక్కడ కూడా టీచర్ల సమ్మె చట్టవిరుద్ధం, 2018లో 55 కౌంటీల్లోనూ బళ్ళు మూసి తొమ్మిది బడి రోజులు చేశారు, అయిదు శాతం పెంపు తెచ్చుకున్నారు. సమ్మె మొదలవక ముందే వాళ్ళు బడి భోజనం మీద బతికే పిల్లల కోసం సంచుల్లో తిండి సర్ది ఇళ్ళకి పంపారు. తల్లిదండ్రులు వాళ్ళ పక్కన నిలబడ్డారంటే దాని పాత్ర చిన్నది కాదు. ఇడ్లీ పిండి, గుడ్లు, అరటిపళ్ళు, మన దగ్గర అంత ఖర్చు కూడా కాదు, 64 మందికి.

ఇప్పుడు ఆ తల్లి సంగతి. మీరు బస్సు దిగలేదు, నిజమే. ఆగస్టు 1 నుంచి 13 అర్ధరాత్రి దాకా రాయపురం, తిరు.వి.క. నగర్ జోన్ల పని ప్రైవేటుకి ఇవ్వొద్దని వాళ్ళు ఫుట్‌పాత్ మీద కూచున్నారు, కోర్టు ఆర్డరుతో రాత్రికి రాత్రి పోలీసులు ఎత్తేశారు. అప్పుడు వాళ్ళ పిల్లలు కూడా చెత్త ఎత్తని వీధుల్లోంచే బడికొచ్చారు, మీరు కూడా ముక్కు మూసుకునే నడిచి ఉంటారు, పబ్లిక్‌కి ఇబ్బంది అని అప్పుడు టీవీలో అన్నవాళ్ళే రేపు మీ గురించి కూడా అంటారు. ఆవిడ మిమ్మల్ని దెప్పిపొడవటానికి అన్లేదని నాకు గట్టిగా అనిపిస్తోంది. సమ్మె అంటే ఏంటో ఆవిడకి మీకన్నా బాగా తెలుసు, పదమూడు రోజుల కూలి పోగొట్టుకున్న మనిషి. మీరు సారీ చెప్పి బయటపడే ఆలోచనలో ఉంటే అది వద్దు, ఆవిడకి ఇంకా ఇబ్బంది. వెళ్ళి మీ జీతం గొడవ ఏంటో చెప్పండి, 8,370, 5,200 అంకెలతో సహా చెప్పండి, ఒకే పనికి రెండు కూలీలు అంటే ఆవిడకి ఇట్టే అర్థమవుతుంది, కాంట్రాక్టు మనిషి పక్కన పర్మనెంటు మనిషి ఊడ్చే వీధి ఆవిడది. ఆవిడ వాళ్ళ పని సంగతి ఏమైందో కూడా అడగండి. తర్వాత తిండి విషయం మేం ఇలా అనుకుంటున్నాం, మీరేమంటారు అని అడగండి. ఆవిడ వెళ్ళండి అనొచ్చు, వద్దు టీచరమ్మా అనొచ్చు. ఏదన్నా సరే, ఆ మాట సంఘం మీటింగులో చెప్పండి, మీరు ఏ పక్షం తీసుకున్నా ఆవిడ మాట అక్కడ వినబడాలి.

ఇక మీ మావగారు. ఇంట్లో అందరూ ఆయన మౌనాన్ని వద్దు అని చదువుతున్నట్టున్నారు, మీ ఆయన ముఖ్యంగా. నాకేమో తెలీదు. 2003లో క్షమాపణ రాసిన మనుషుల్ని నేను ఇద్దరు ముగ్గుర్ని ఎరుగుదును, ఉద్యోగం పోయిన ఆ నెల గురించి నవ్వుతూ చెప్తారు, కాగితం మీద సంతకం పెట్టిన రోజు గురించి మాత్రం మాట్లాడరు. మీ ఆయనకి అప్పుడు వయసు ఎంత, పదిహేడు పద్దెనిమిది ఉంటాయా, ఆ నెల రోజులు ఇంట్లో ఏం వండారో, అప్పు ఎవరిచ్చారో ఆయనకి గుర్తుండే ఉంటుంది, ఆయన మాటల్లో కోపం అక్కడ్నుంచి వస్తోందేమో, అంబత్తూరు నుంచి కాదేమో. ఆ క్షమాపణ కాగితం జిరాక్స్ మావగారి బీరువాలో ఇంకా ఉందని మీరే రాశారు ఉత్తరంలో. సమ్మెకి ఇంకా మూడు వారాలు టైముంది. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మీరూ మీ ఆయనా కూచుని, ఆ కాగితం తీసి చూపించండి మావయ్యా, అని అడగండి. ఆయన చూపిస్తే చదివి, ఏమన్నారో నాకు రాయండి.